రాజం కాక తెచ్చిన ఉత్తరం

మొన్న పొద్దున మా మేడం గోధుమరంగు టేపు చుట్టలు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టి, కిటికీ అద్దాలన్నిటికీ అడ్డంగా, నిలువుగా అంటించమంది. అద్దం పగిలినా ముక్కలు పిల్లల మీదికి ఎగరకుండా ఉంటాయట. నేను స్టూలు ఎక్కి, టేపు చర్రున లాగి, పళ్ళతో కొరికి, ఒక్కో అద్దానికీ అంటిస్తూ పోయాను. మూడో కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆ జిగురు వాసన ముక్కునిండా పట్టేసింది. కొంచెం తియ్యగా, కొంచెం పులిసిన గంజిలా ఉండే వాసన. వెంటనే నా నాలుక మీదికి ఉత్తరం కవరు రుచి వచ్చింది. చిన్నప్పుడు మా బాపుకు పంపే కవర్లన్నీ నేనే నాకి అంటించేదాన్ని. స్టూలు మీద నేను టేపు పట్టుకుని ఆగిపోవడం చూసి మేడం "భయమా, గంగా?" అని అడిగింది. అవునన్నాను. సిగ్గు అని చెబితే ఎందుకో కూడా చెప్పాల్సి వస్తుంది.

నేను ఖతర్‌లో, దోహా పక్కనే ఉన్న ముఐథర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను, పిల్లలను చూసుకుంటాను. ఈ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్ళయింది. చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఇంతకు ముందు నేను ఏమీ రాయలేదు, కాబట్టి తప్పులు పోతే చదివేవాళ్ళు కోప్పడవద్దు.

యుద్ధం అంటే ఊరంతా కూలిపోయి జనం పరిగెత్తుతూ ఉంటారని అనుకునేదాన్ని. ఇక్కడ అట్లా లేదు. పొద్దున లేవగానే పాలు కాచాలి, పిల్లలకు రొట్టె కాల్చాలి, బట్టలు మిషన్లో వేయాలి. బడి మూసేశారు, పిల్లలు హాల్లో కూర్చుని ట్యాబుల్లో పాఠాలు వింటారు, టీచరు మాట్లాడుతుంటే చిన్నవాడు సోఫా కింద దూరి బిస్కెట్లు తింటాడు. మధ్యలో ఒక్కసారిగా ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకే గొంతుతో మొరుగుతాయి. టీచరు ఫోను కూడా అటువైపు నుంచి మొరుగుతుంది. అప్పుడు స్టవ్ ఆపి, పిల్లలను రెక్కలు పట్టుకుని, మెట్ల కింద బియ్యం బస్తాలు పెట్టే చిన్న గదిలోకి తోస్తాను. కాసేపటికి ఎక్కడో పైన, ఆకాశం తలుపు ఎవరో గట్టిగా వేసినట్టు ధన్ మంటుంది. అల్మారాలో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి చిన్నగా మోగుతాయి. తొమ్మిదేళ్ళ మరియం నా కొంగు పట్టుకుని "ఖలాస్?" అని అడుగుతుంది. "ఖలాస్, మాఫీ, అయిపోయింది, ఇంక లేదు" అంటాను. ఇంకోటి ధన్ మంటుంది. మరియం నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూస్తుంది. తరువాత బయటికి వచ్చి, ఆపిన స్టవ్ మళ్ళీ వెలిగించి, సగం ఉడికిన అన్నం మూత తీసి చూస్తాను. కిటికీల దగ్గర నిలబడవద్దని అందరికీ మెసేజ్ వచ్చింది. మా వంటింట్లో స్టవ్ కిటికీ కిందే ఉంది. మేడం రోజూ నన్ను అక్కడ నిలబడవద్దంటుంది, రోజూ పప్పు ఎందుకు ఆలస్యమైందని కూడా అడుగుతుంది.

ఆ మెట్ల కింద బియ్యం బస్తా మీద కూర్చున్నప్పుడల్లా నాకు మా ఇంటి వాకిలి గుర్తొస్తుంది. జగిత్యాల వైపు ఒక వాగు ఒడ్డున మా ఊరు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఆమె ఒక్కతే కాదు, మా వాడలో ఆడవాళ్ళందరూ చుట్టేవాళ్ళు. పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటే, నానబెట్టిన తునికాకు పచ్చి వాసన, తంబాకు ఘాటు, పక్కింట్లో జొన్నరొట్టె కాలుతున్న వాసన అన్నీ కలిసి వాకిట్లోనే తిరుగుతుండేవి. అమ్మ కత్తెరతో ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ళ మధ్య తిప్పి, మూతి మడిచి, దారం చుట్టడం ఎంత వేగంగా చేసేదంటే, నేను ఒకటీ రెండూ అని చూస్తుండగానే కట్ట తయారయ్యేది. మా నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, అమ్మ చూడకుండా చాటలోంచి ఒక బీడీ తీసి చెవి మీద పెట్టుకునేది. అమ్మకు తెలుసు. లెక్కలో ముందుగానే రెండు ఎక్కువ చుట్టి పెట్టేది. నేను, నా దోస్తులు గచ్చకాయలు ఆడుతూ, తొక్కుడుబిళ్ళ గీతలు గీస్తూ, దారం ఉండలు దొర్లిస్తూ ఆ ఆడవాళ్ళ కాళ్ళ మధ్యే పెరిగాము.

బాపు పేరు పోశం. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు దుబాయ్ పోయాడు. మా ఊళ్ళో ఎవరు ఎక్కడికి పోయినా దుబాయ్ పోయాడనే అనేవాళ్ళు. మస్కట్ పోయినా దుబాయే, బహ్రెయిన్ పోయినా దుబాయే. ఇప్పుడు నేను ఖతర్‌లో ఉన్నా, మా ఊళ్ళో నన్ను అడిగితే దుబాయ్‌లో ఉందనే చెబుతారు. బాపు నిజానికి ఉన్నది కువైట్‌లో, ఆ దేశానికి రాజధాని అయిన పెద్ద ఊళ్ళో. ఆ సంగతి మా ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో చదవడం వచ్చింది నా ఒక్కదానికే.

ఎరుపు, నీలం గీతల అంచులున్న కవరు వచ్చిందంటే ఆ రోజు నేను రాణిని. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేది. నాయనమ్మ చెవి మీది బీడీ తీసేసేది. పక్కింటి వాళ్ళు కూడా వచ్చి గోడ మీద కూర్చునేవాళ్ళు. "సదువు బిడ్డా, గట్టిగ సదువు, మెల్లగ సదువు" అని అమ్మ ఒకే మాటలో రెండూ చెప్పేది. నేను గొంతు సవరించుకుని, దేవుని దయవల్ల క్షేమం అన్న చోట ఆగి అందరి మొహాలు చూసేదాన్ని. చదవడం అయ్యాక నా చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. ఇంకోసారి చదివితే ఇంకో ముక్క. ఐదో తరగతికి వచ్చేసరికి నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడగట్టుకుని చదవడం వచ్చింది. కవరు వెనక ఉన్న ఊరి పేరు కువైట్ అని అట్లా తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అది పెద్ద సంగతి అని కూడా అప్పుడు తెలియదు.

ఆ వానాకాలం హోటల్ దగ్గర రేడియోలో కువైట్ పేరు వినబడడం మొదలైంది. పక్క దేశపు ఫౌజు వచ్చి ఆ ఊరిని పట్టుకుందని చెప్పారు. ఉత్తరాలు ఆగిపోయాయి. మగవాళ్ళు చాయ్ తాగుతూ వినేవాళ్ళు. మా అమ్మ బీడీలు కార్ఖానాలో ఇచ్చి వస్తూ విని, ఇంటికి వచ్చి నాయనమ్మతో "పాపం, ఆడ ఎవల బిడ్డలున్నరో. మనాయన దుబాయ్‌ల ఉన్నడు, నయమైంది" అంది. ఉత్తరాలు రాకపోతే పోస్టాఫీసు వాళ్ళను తిట్టేది. నేను గచ్చకాయలు ఎగరేస్తూ విన్నాను. ఒక గచ్చకాయ కింద పడింది. నేను నోరు తెరవలేదు. బతుకమ్మ దగ్గర పడుతోంది, ఆ ఏడు నాకు మొదటిసారి పట్టు అంచు లంగా కుట్టిస్తున్నారు. గుడ్డ దర్జీ దగ్గర ఉంది. బాపు సంగతి తెలిస్తే అమ్మ ఏడుస్తుంది, అమ్మ ఏడిస్తే మా ఇంట్లో బతుకమ్మ ఉండదు. నా తలలో ఉన్నది అంతే.

పండుగ వారంలో మధ్యాహ్నం పూట రాజం కాక వచ్చాడు. ఆయన బాపుకు దోస్తు, ఇద్దరూ కువైట్‌లో వేరే వేరే పనులు చేస్తూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, ఆయనది ఆర్మూరు వైపు వేరే ఊరు. గడ్డం పెరిగి, కళ్ళు పసుపు పచ్చగా, ఒళ్ళు కాలిపోతూ మా వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ కార్ఖానాకు పోయింది, నాయనమ్మ పడుకుంది. ఆయన లాగు నడుము దగ్గర కుట్టు పళ్ళతో తెంపి, లోపలి నుంచి చిన్నగా మడిచిన కవరు తీశాడు. ఎడారి దాటి, జోర్డాన్ దేశంలో గుడారాల్లో రోజుల తరబడి పడుకుని, విమానం ఎక్కి, బొంబాయిలో రైలెక్కి, అంత దూరం దాన్ని నడుముకు కుట్టుకుని తెచ్చాడు.

"అమ్మేది బిడ్డా?"

"కార్ఖానకు పోయింది కాక."

"ఇగో, ఇది అమ్మకు ఇయ్యి. రెండు కాయితాలున్నయి. రెండో దాంట్ల జల్ది జెయ్యాల్సిన పనున్నది, మర్సిపోకు. నాకు జరమొచ్చింది, కూసుంటే మళ్ళ లేవలేను. బస్సు పోతది."

చెంబెడు నీళ్ళు తాగి, తల మీద కొన్ని పోసుకుని వెళ్ళిపోయాడు. నేను తలుపు వెనకకు పోయి కవరు చింపాను. మొదటి కాయితం మామూలే. నేను మంచిగున్నాను, మీరు మంచిగుండాలి, అమ్మకు మందులు ఇప్పించు, గంగును బాగా చదివించు. రెండో కాయితంలో ఇట్లా ఉంది. ఇక్కడ యుద్ధం వచ్చింది, పనిలో పెట్టుకున్న అరబ్బు మా పాస్‌పోర్టులు తీసుకుని పారిపోయాడు, మన దేశపోళ్ళను విమానాల్లో పంపిస్తున్నారు కానీ నా దగ్గర ఏ కాయితమూ లేదు, సందుకలో బట్టల కింద నా పాస్‌పోర్టు నకలు ఉంది, అది తీసుకుని వెంటనే కలెక్టర్ ఆఫీసులో ఇచ్చి నా పేరు రాయించండి, అక్కడి నుంచి ఇక్కడికి కబురొస్తే నన్ను ఎక్కిస్తారు, ఆలస్యం చేయవద్దు. ఆలస్యం చేయవద్దు అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

సాయంత్రం అమ్మ వచ్చాక మొదటి కాయితం ఒక్కటే చదివాను. గట్టిగా, మెల్లగా. క్షేమం అన్న చోట ఆగి అందరినీ చూశాను. అమ్మ మొహం అంత వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. రాజం కాక జ్వరంతో నిలబడలేక వెళ్ళిపోయాడని చెబితే, "పాపం, తినకుంటనే పాయె" అని బాధపడింది. నాకు బెల్లం ముక్క ఇచ్చారు. తిన్నాను.

పండుగ అయిపోగానే చెబుదామనుకున్నాను, ఒట్టు. మూడు రోజులే కదా. ఆ మూడు రోజులు నేను చూసిన పండుగ లాంటిది మళ్ళీ చూడలేదు. పొద్దు పొడవక ముందే ఆడపిల్లలమందరం గట్ల వెంట పోయి తంగేడు, గునుగు ఒడి నిండా కోసుకొచ్చేవాళ్ళం. మంచుకు లంగా అంచులు తడిసి కాళ్ళకు చుట్టుకునేవి. గునుగు కుచ్చుల్ని గులాబీ, నీలం రంగుల్లో ముంచి మంచం పట్టీ మీద ఆరబెడితే, మా చేతులు వారం దాకా ఆ రంగులోనే ఉండేవి. ఇంట్లో నువ్వులు వేగుతున్న వాసన, పల్లీలు దంచుతున్న చప్పుడు, రొట్టె నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసే మలీద. అడగకుండా తీసుకుంటే నాయనమ్మ చేతి మీద కొట్టి, తనే ఒకటి నోట్లో పెట్టేది.

చివరిదైన సద్దుల రోజు అమ్మ తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ పూలు వరసలుగా పేరుస్తూ, నన్ను నడుమ ఆకు తురుము నింపమంది. రెండో కాయితం నా జాకెట్లో ఉంది. మూడు రోజుల నుంచి ఒంటికి అంటుకుని మెత్తబడింది. అమ్మ పసుపు గౌరమ్మను చేయడానికి లోపలికి పోయింది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ కాయితం గౌరమ్మకే ఇస్తే, ఆ తల్లికి అన్నీ తెలుసు, బాపును ఆమే తెస్తుంది, నేను ఎవరికీ చెప్పే పని ఉండదు. మడిచిన కాయితం తంగేడాకుల మధ్య పెట్టి, పైన ఇంకింత ఆకు వేసి ఒత్తాను. భక్తితో చేశానని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భక్తి కొంచెం ఉంది. ఎక్కువ ఉన్నది తప్పించుకోవడం. ఆ సాయంత్రం పట్టు అంచు లంగా కట్టుకుని, చప్పట్లు కొడుతూ, ఆ బతుకమ్మ చుట్టే తిరిగాను. తరువాత అమ్మ దాన్ని వాగులో వదిలింది. పూలన్నీ తేలుతూ కొంత దూరం పోయి, ఒరిగి, విడిపోయాయి. పూల నడుమ తెల్లగా ఏమైనా కనిపిస్తుందేమోనని నేను ఒడ్డు మీదే నిలబడ్డాను. ఏమీ కనిపించలేదు. అందరం తెచ్చుకున్న సద్దుల అన్నం పంచుకుని తిన్నాం.

చలికాలం నడుమ రేడియోలో కువైట్ మీద, పక్క దేశం మీద బాంబులు వేస్తున్నారని చెప్పారు. అది విన్న మూడో రోజో నాలుగో రోజో రాజం కాక మళ్ళీ వచ్చాడు. మూడు నెలలకు పైగా కామెర్లతో మంచం పట్టాడట, మనిషి సగమయ్యాడు. వాకిట్లో అడుగు పెడుతూనే, "పోశన్న రాలేదా వదినె ఇంక?" అన్నాడు.

"ఎందుకొస్తడు, దుబాయ్‌ల మంచిగనే ఉన్నడు గద" అని నవ్వింది అమ్మ.

"అదేంది? కలెక్టరాఫీసుకు పోలేదా? కాయితం ఇయ్యలేదా?"

"ఏం కాయితం రాజం?"

ఆయన అక్కడే కింద కూర్చున్నాడు. రెండో కాయితం గురించి చెప్పాడు. బాపు ఉన్నది ఏ ఊళ్ళోనో చెప్పాడు. అమ్మ ఒడిలోంచి చాట జారి, తంబాకు వాకిలంతా చెల్లాచెదురైంది. బడి పంతులును పిలిపించి ఆ మొదటి కాయితం చదివించారు. ఇది నడుమనే ఆగింది, కింద సంతకం లేదు, ఇంకో కాయితం ఉండాలి అన్నాడు పంతులు. రాజం కాక నా వైపు తిరిగాడు.

"రెండు కాయితాలున్నయని నీకు చెప్పిన గద బిడ్డా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నేను గోడకు ఆనుకున్నాను.

"ఒక్కటే ఉండె కాక" అన్నాను.

ఆయన నన్ను అనుమానించలేదు. నా మాట నమ్మి, తననే అనుమానించాడు. "జోర్డాన్‌ల చెమటకు తడిస్తె ఒక్కపారి కుట్టు ఇప్పి ఆరవెట్టిన. గాలికి ఆడనే పోయినట్టున్నది. నేనే పోగొట్టిన వదినె, నేనే పోగొట్టిన" అని తలమీద కొట్టుకున్నాడు. అమ్మే లేచి ఆయన చేతులు పట్టుకుని ఆపింది. ఆ సాయంత్రమే సందుకలోంచి నకలు తీసుకుని, ఇద్దరూ జిల్లా ఆఫీసుకు బయల్దేరారు. అప్పటికి విమానాలు ఆగిపోయి చాలా రోజులయింది. వాళ్ళు కాయితం తీసుకుని, కబురు చేస్తామన్నారు. అమ్మ తిరిగొచ్చి బీడీలు చుట్టడానికి కూర్చుంటే వేళ్ళు తిరగలేదు. చుట్టినవన్నీ విడిపోయాయి. నేను పక్కన కూర్చుని మూతులు మడిచాను. ఆ చలికాలమంతా మడిచాను, అమ్మ నన్ను మంచి బిడ్డ అంది.

ఎండలు ముదిరే వేళకు బాపు వచ్చాడు. చేతిలో ఒక సంచి, ఒంటి మీద ఎవరిదో చొక్కా. బాపుతో మాట్లాడుతుంటే ఎడమ చెవి వైపు ఉన్నవాళ్ళ మాట ఆయనకు వినబడడం లేదని నాలుగో రోజుకు గానీ మాకు తెలియలేదు. ఆ రోజుల సంగతులు ఆయన మాకు నవ్వుతూ చెప్పేవాడు. పదకొండు మంది మెట్ల కింద కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళట. నీళ్ళు డ్రమ్ముల్లో నింపి తాళం వేసుకునేవాళ్ళట. గ్యాసు లేక, విరిగిన తలుపుల చెక్కలు కాల్చి, రేకు మీద రొట్టెలు చేసేవాళ్ళట. బాంబుల మధ్యే పొద్దున లేచి గడ్డం గీసుకునేవాళ్ళట, ఎందుకంటే లిస్టులో పేరు వచ్చి ఎవరైనా పిలవడానికి వస్తే నీటుగా ఉండాలి. "రోజు గీసుకున్న బిడ్డా. రోజు తలుపు దిక్కు సూసిన" అని నవ్వాడు. నూనె బావులు తగలబడి, మధ్యాహ్నం పూటే చీకటి కమ్మి, తెల్ల చొక్కా తాడు మీద ఆరేస్తే నల్లగా అయ్యేదట. ఇంకా బడికి పోని మా చిన్న తమ్ముడు ఆ కథలు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవాడు. నేను నీళ్ళ పేరు చెప్పి బావి దగ్గరికి పోయేదాన్ని.

రాజం కాక ఒకసారి చూడ్డానికి వచ్చాడు. బాపు మంచం మీద పడుకుని ఉన్నాడు, ఆయనను చూసి గోడ వైపు తిరిగాడు. "గింత కాయితం కాపాడలేకపోయినవు రాజం. పో" అన్నాడు. రాజం కాక నిలబడి, నిలబడి, నేనిచ్చిన నీళ్ళు తాగి, చెంబు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. చెంబు ఇస్తూ నా తల మీద చెయ్యి పెట్టాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఆ ఏడే నన్ను బడి మాన్పించి బీడీలకు కూర్చోబెట్టారు, బాపుకు ఏ పనీ దొరకలేదు కాబట్టి. నేను ఏడవలేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారని. తరువాత పెళ్ళి, పిల్లలు, ఈ దేశం. అమ్మ పోయింది. ఆరేళ్ళ కింద బాపు పోయాడు. ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదని రాయబోయాను, అది కూడా అబద్ధం. వేయి సందర్భాలు వచ్చాయి.

రెండేళ్ళ కింద ఒక శుక్రవారం ఏషియన్ టౌన్‌లో కూరగాయలు ఏరుతుంటే, పక్కనున్న ఒకాయన నా మాట విని, "అక్కా, మీది ఏ ఊరు?" అని అడిగాడు. పేరు మల్లేశ్, ఉమ్ సలాల్‌లో ఒక తోటలో డ్రైవరు. వాళ్ళ నాన్న పేరు చెప్పగానే నా చేతిలో బెండకాయలు కింద పడ్డాయి. రాజం కాక కొడుకు. అప్పటి నుంచి నన్ను సొంత అక్కలా చూస్తాడు. తోటలో గోంగూర కోసి, తడి గుడ్డలో చుట్టి తెచ్చిస్తాడు. తీసుకున్నప్పుడల్లా చెప్పాలనుకుంటాను. పచ్చడి నూరి సగం అతనికే ఇచ్చి పంపిస్తాను.

ఈ బాంబుల రోజుల్లో ప్రతి మోత తరువాత అందరికంటే ముందు వచ్చేది మల్లేశ్ ఫోనే. నిన్న మధ్యాహ్నం ఫోన్లు మొరిగి, మోతలు ఆగి, గంట కూడా కాకముందే గేటు దగ్గర బండి ఆపాడు. నీళ్ళ కార్టన్లు రెండు, ఖుబ్బూస్ రొట్టెల ప్యాకెట్లు, గోంగూర.

"ఏందిరా తమ్మీ, ఇసొంటి టైముల రోడ్డు మీదికొస్తరా? బుద్ధున్నదా?" అని తిట్టాను.

"నాకున్నది అక్కా, మా బాపుకే లేదు. పొద్దటి సంది పది ఫోన్లు. గంగు ఒక్కతే ఉంటది, పోయి సూసి రాపో అని ఒకటే లొల్లి."

"ఆయనకు నా మీద అంత ఎందుకు తమ్మీ?"

మల్లేశ్ కార్టన్ కింద పెట్టి, చెమట తుడుచుకున్నాడు. "నీకు తెల్వదా? మీ బాపు అప్పట్ల బాంబుల నడుమ పడి ఉన్నది తన వల్లనే అంటడు. ఏదో కాయితం పోగొట్టిండట. తాగితె అదే, తాగకున్నా అదే. ఒక్కపారి పోశన్నను పోగొట్టుకున్న, ఇప్పుడు ఆయన బిడ్డను గూడ పోగొట్టుకోనంటడు."

నేను గేటు పట్టుకున్నాను. ఇనుము ఎండకు కాలుతోంది, అయినా వదలలేదు. "ఫోన్ కలుపు. ఇప్పుడే" అన్నాను.

వీడియోలో ముందు ఇంటి పైకప్పు కనిపించింది, తరువాత ఒక చెవి, తరువాత రాజం కాక. పళ్ళు లేవు. కళ్ళు అవే.

"గంగూ! మంచిగున్నవా బిడ్డా? దుబాయ్‌ల మస్తు బాంబులు పడ్డయట గద?"

"దుబాయ్ కాదు కాక, నేను ఖతర్‌ల ఉన్న."

"అన్ని దుబాయే తియ్. లోపట ఉండు, బయట తిరుగకు."

"కాక, ఒక మాట చెప్త, విను. ఆ రెండో కాయితం ఉండె. నువ్వు తెచ్చినవు. నేనే దాచిన."

ఆయన తల దగ్గరికి తెచ్చాడు. తెర నిండా ఆయన నుదురే. నేను ఆపకుండా చెప్పాను. లంగా గురించి, బతుకమ్మ నడుమ ఆకుల గురించి, ఒక్కటే ఉండె కాక అన్న మాట గురించి. మల్లేశ్ పక్కనే ఉన్నాడు, అతని వైపు చూడలేకపోయాను. అంతా చెప్పాక రాజం కాక తల వెనక్కి తీసి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బతుకమ్మల పెట్టినవా?"

"ఆ, కాక."

"అంటే ఆ కాయితం మీ ఇంటికి ముట్టింది."

"ముట్టింది కాక."

"అంటే నేను పోగొట్టలే."

"నువ్వు పోగొట్టలే కాక."

ఆయన ఫోన్ పక్కకు పెట్టేశాడు. పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను మాత్రమే కనిపిస్తున్నాయి, గొంతు ఇల్లంతా వినబడుతోంది. "లసుమా! ఓ లసుమా! ఇటు రావే! ఆ కాయితం నేను పోగొట్టలేదట!"

"ఏం కాయితం? కరెంటు బిల్లా?" అని ఆయన భార్య, మా కాకమ్మ, ఎక్కడి నుంచో అరిచింది.

"బిల్లు కాదే, పోశన్న కాయితం! ముట్టిందట! నేను తెచ్చిచ్చిననట!" ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఫ్యాను చప్పుడులో నాకు తెలియలేదు. తిడతాడని గేటు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ తిట్లకు భయపడే దాక్కున్నాను. ఆయన సంబరం చూస్తుంటే తలెత్తలేకపోయాను. రెండు ముక్కలు చెబితే వచ్చే ఆ సంబరాన్ని, నేను ఆ మనిషికి ముసలితనం దాకా రానివ్వలేదు.

మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "పోశన్నకు చెప్పాలె" అన్నాడు. "రేపు పొద్దున్నే మీ ఊరికి పోత. ఆయనను బొంద పెట్టిన కాడికి పోయి చెప్పొస్త."

"ఏడికి పోతవు కాక. వాగు పక్కపొంట రోడ్డు పెద్దగ చేసిండ్రు. ఆ జాగంత రోడ్డు కిందికి పోయింది. గుర్తు గూడ లేదు."

ఆయన కండువా భుజం మీద వేసుకున్నాడు.

"అయితే ఏమాయె. రోడ్డు మీదనే నిలవడి చెప్త తియ్."

మల్లేశ్ నీళ్ళ కార్టన్లు వంటింటి గుమ్మం దాకా మోసి పెట్టాడు. బండి ఎక్కుతూ, "లోపటికి పో అక్కా" అన్నాడు. ఎప్పటిలా నవ్వలేదు. మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. వచ్చినా రాకపోయినా అతని మీద నాకు కోపం ఉండదు.

ఇప్పుడు ఎవరూ ఒకరి ఉత్తరాన్ని ఇంకొకరు నడుముకు కుట్టుకుని దేశాలు దాటించరు. గోడ మీద కూర్చుని చిన్నపిల్ల చదివితే వినేవాళ్ళు లేరు. అమ్మ చాట లేదు, నాయనమ్మ చెవి మీద బీడీ లేదు, వాగులో నీళ్ళు కూడా లేవని మా తమ్ముడు చెబుతాడు. ఈ పొద్దున మెట్ల కింద మరియంను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఫోన్లో కాకమ్మ గొంతు వచ్చింది, ముసలాయన పొద్దున మొదటి బస్సుకే మీ ఊరికి పోయిండు, ఎంత చెప్పినా ఆగలేదు అని. బాపుకు ఆ మాట చెప్పవలసినదాన్ని నేను. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. మా ఇంటి కబురు మళ్ళీ రాజం కాకనే మోసుకుని పోయాడు.